మొద్దుబారని మణికట్టు

క్యాజువాలిటీలో పదిహేడేళ్ళు పనిచేసిన నర్సుని నేను. పుట్టింది తాడేపల్లిగూడెం, ఉద్యోగం ఏలూరు. నాకు నోరెక్కువ. నేనొక కేక వేస్తే విరిగిన ఎముకలు భయపడి వాటంతటవే అతుక్కుంటాయని మా వార్డులో నవ్వుకునేవాళ్ళు. అంత నోరున్నదాన్ని, ఒక మనిషి దగ్గర ఏడాదిపాటు నోరు విప్పలేకపోయాను.

ఆవిడది కైకలూరు అవతల కొల్లేటి ఒడ్డున ఒక ఊరు. యాభై దాటి ఉంటాయి. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. పొద్దున్నే చెరువు గట్టు మీద నాచుకి కాలు జారి, కుడిచెయ్యి ఆన్చి పడింది. మణికట్టు గరిటె కాడలా వంగిపోయింది. దాన్ని తువ్వాలుతో మెడకి కట్టుకుని, ఆడపడుచుని తోడు తెచ్చుకుని, బస్సెక్కి వచ్చి వరసలో అందరికన్నా వెనక నిలబడింది. "మీరు ముందుకి రండమ్మా!" అని అరిచాను. "పర్వాలేదండీ, ముందు వాళ్ళని చూడండి" అంది.

ఎముకని లాగి సరిచెయ్యాలన్నాడు డాక్టరు. మత్తిచ్చి లాగితే మనిషికి ఏమీ తెలీదు, కానీ కడుపు ఖాళీగా ఉండాలి. ఏమైనా తిన్నారా అని అడిగితే ఆడపడుచు గర్వంగా చెప్పింది.

"అయ్యో, తినకుండా ఆసుపత్రికి ఎలా పంపుతామండీ! చెయ్యి ఆడదు కదాని నేనే కలిపి ముద్దలు పెట్టానండీ."

నేను నుదురు కొట్టుకున్నాను. మా వైపు ఇంతే. ప్రాణం పోతున్నా సరే, అన్నం పెట్టకుండా గడప దాటనివ్వరు. జబ్బకి పట్టీ బిగించి చెయ్యంతా మొద్దుబారేలా చేసే పద్ధతి ఒకటుంది. దానికి మత్తు డాక్టరు పక్కన ఉండాలి, ఆయన ఆపరేషన్లో ఉన్నాడు. ఇక మిగిలింది, విరిగిన చోట ఎముకల మధ్యకే ఇచ్చే ఇంజక్షను. అదీ బాగానే పనిచేస్తుంది. కాకపోతే పది పదిహేను నిమిషాలు ఆగాలి. ఆగాక అక్కడ వేలితో నొక్కి చూడాలి. నోటిని అడక్కూడదు, మొహాన్ని చూడాలి. కొత్తగా చేరిన నర్సులకి ఈ పాఠం చెప్పేది నేనే.

డాక్టరు ఇంజక్షను ఇచ్చాడు. అంతలో గణపవరం రోడ్డులో ఆటో తిరగబడి నలుగురిని మోసుకొచ్చారు. ఒకటే రక్తం, ఏడుపులు. నేను ఒక పిల్ల తలకి కట్టు కడుతున్నాను. "సిస్టర్, ఆవిడ చెయ్యి మొద్దుబారిందా?" అని డాక్టరు కేకేశాడు. నేను కదల్లేదు. అక్కణ్ణించే ఆవిడ వైపు తిరిగి, "ఏమ్మా, నొప్పి తగ్గిందా?" అన్నాను.

"పర్వాలేదండీ. కానివ్వండి" అంది.

"అయిందండీ" అని డాక్టరుకి చెప్పేశాను. నొక్కి చూడలేదు.

నేను ఆవిడ మోచేతి పైన గట్టిగా పట్టుకున్నాను. డాక్టరు అరచెయ్యి పట్టి లాగాడు. ఆవిడ అరవలేదు, కొంగు పళ్ళ మధ్య కుక్కుకుంది. నేను చూపు తిప్పుకుంటే పాదాలు కనిపించాయి. పది వేళ్ళూ ముడుచుకుపోయి దుప్పటిని పట్టుకుని ఉన్నాయి. మొద్దుబారిన మనిషి కాళ్ళు అలా ఉండవు. నాకు తెలుసు. తెలిసీ నా పట్టు వదల్లేదు. సగంలో ఆపితే ఎలా అనుకున్నాను. ఛీ, అబద్ధం. ఆపితే తప్పు నాదని తెలిసిపోతుందనుకున్నాను.

కట్టు వేశాక కళ్ళు తుడుచుకుని, "మీకు చాలా శ్రమ ఇచ్చానండీ" అంది నాతో.

వారం తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఎముక మళ్ళీ జారినట్టు కనిపించింది. అది ఎవరి తప్పూ కాదు, అలా జారుతుంటాయి. "ఇంకోసారి లాగాలి. ఈసారి పూర్తి మత్తు ఇస్తాం" అన్నాడు డాక్టరు. ఆవిడ ఆయన్ని అడగలేదు, నా వైపు తిరిగింది.

"మొన్న కూడా మందిచ్చే కదండీ లాగారు?"

చెప్పాల్సిన చోటు అదే. డాక్టరు పక్కనే ఉన్నాడు. "అవునమ్మా" అన్నాను.

"అయితే వద్దండీ. వంకరగా ఉన్నా పర్వాలేదండీ" అని లేచి వెళ్ళిపోయింది. కట్టు విప్పించుకోవడానికి కూడా మా దగ్గరికి రాలేదు.

ఆ పాదాలు మాత్రం నన్ను వదల్లేదు. చర్చిలో మోకరిస్తే ముందు వరసలో వాళ్ళ అరికాళ్ళు కనిపించేవి, కళ్ళు గట్టిగా మూసుకునేదాన్ని. మూస్తే మరీ కనిపించేవి. కూరగాయలమ్మే అమ్మాయి చిల్లర లేకపోయినా పర్వాలేదండీ అంటే ఉలిక్కిపడేదాన్ని. క్యాజువాలిటీలో ఎవరైనా ఆ మాటంటే, వద్దంటున్నా మూడుసార్లు నొక్కి చూసేదాన్ని. నాకు పిచ్చి పట్టిందనుకున్నారు అందరూ. నిజంగా పట్టిందేమో!

ఏడాది అయ్యాక, రిజిస్టర్లో ఊరి పేరు చూసుకుని ఒక ఆదివారం ప్రార్థన మానేసి బస్సెక్కాను. దారి పొడుగునా చెరువులే. ప్రతి గట్టు మీదా ఆవిడ జారిపడ్డ చోటే కనిపించింది నాకు.

ఆవిడ అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో చింతపండు గింజలు తీస్తోంది. "ఏవండీ, సిస్టరుగారా! ఎండన పడి వచ్చారే!" అని లేచి మజ్జిగ తెచ్చింది, గ్లాసు ఎడమచేతిలోనే. కుడి మణికట్టు పక్కకి తిరిగిపోయి ఉంది. షెడ్డుకి వెళ్తున్నారా అని అడిగాను. "లేదండీ. రొయ్య తల తుంచాలంటే మెలి తిప్పాలి కదండీ. తిరగదు. పర్వాలేదండీ, మా ఆడపడుచు చూసుకుంటోంది."

గ్లాసు అందుకున్నాను. చెప్పేశాను. "ఆ రోజు మీ చెయ్యి మొద్దుబారలేదమ్మా. నేను చూడలేదు. చూడకుండానే అయిందని చెప్పాను. తర్వాత మీరడిగినప్పుడూ అబద్ధమాడాను."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. చింతపండు కాసేపు అటూ ఇటూ జరిపింది.

"అయితే మందు ఎక్కితే అంత నొప్పి ఉండదాండీ?"

"ఉండదమ్మా. రెండోసారి అయితే అసలేమీ తెలిసేది కాదు."

"చెయ్యి మామూలుగా అయ్యేదాండీ?"

"అయి ఉండేదమ్మా."

కుడిచేతిని ఒళ్ళోకి తీసుకుని, ఎడమచేత్తో మణికట్టు మీద నొక్కి చూసుకుంది. తిట్టమ్మా, చెంప పగలగొట్టమ్మా అని నా మనసు ఏడుస్తోంది. అంతకన్నా సిగ్గుమాలిన ఆశ ఇంకోటి ఉంది లోపల. ఆవిడ నోటివెంట ఎప్పుడూ వచ్చే ఆ మాట ఒక్కసారి నాకోసం రాకపోతుందా అని చూస్తున్నాను.

ఆవిడ నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది.

"మీ బస్సు వేళయిందండీ" అంది.