మా డోర్ నంబరు

మంచిదాన్ననిపించుకోవడమంటే నాకు పిచ్చి. ఆ పిచ్చి వల్ల నాకేం నష్టం జరగలేదు. నష్టపోయింది మా ఇంట్లో పనిచేసే ఆమె మనవరాలు.

వాళ్లుండేది ఖాజాగూడ బండల వెనక రేకుల షెడ్లలో. వాటికి నంబర్లుండవు. మనవరాలు పుట్టినప్పుడు టీకాల కార్డుకి అడ్రస్ అడుగుతున్నారని ఆమె దిగులుగా నిలబడితే, "మాది రాయించు, దానికేముంది" అన్నాను. ఆ రోజంతా నా మంచితనం నాకే ముద్దొచ్చింది. మా అపార్టుమెంటులో అందరూ అంతే. వంటామె, డ్రైవరు, తోటమాలి, ఎవరి పిల్లల కార్డు చూసినా మా టవర్ల నంబర్లే.

నా ఉద్యోగం రాయదుర్గంలో. ఏ జబ్బు ఎటు పాకుతుందో మ్యాపు మీద లెక్కగట్టి, టీకా వ్యాను ముందు ఎక్కడికి వెళ్లాలో చెప్పే మోడల్ మా టీముది. ఊరిని చిన్న చిన్న గడులుగా కోస్తాం. కేసులు పెరిగిన గడి ఎర్రబడుతుంది. ఆ ఏడాది పిల్లల్లో తట్టు వ్యాపించింది. ఆసుపత్రుల నుంచి వచ్చిన అడ్రసులు ఎక్కిస్తే మా అపార్టుమెంటు గడి కుంకుమలా తయారైంది. పక్కన బండల గడి మాత్రం తెల్లగా ఉంది, అక్కడ జనమే లేనట్టు.

మా లిఫ్టులో ఒక్క పిల్లకీ దద్దుర్లు కనబడలేదే అనిపించింది. అనిపించినా నోరెత్తలేదు. మోడల్ నాది, పై వాళ్లకు చూపించాల్సింది రెండు రోజుల్లో.

వ్యాను మూడు రోజులు మా క్లబ్‌హౌస్ ముందు ఆగింది. మా పిల్లలందరికీ ఎప్పుడో టీకాలు పడ్డాయి. నర్సు ఐసు డబ్బా పక్కన ఖాళీగా కూర్చుంది. అసోసియేషన్ వాళ్లు ఆమెకు జూసిచ్చి ఫోటోలు దిగారు. ఆ ఫోటోల్లో నేనూ ఉన్నాను.

మూడో రోజు పనామె రాలేదు. ఫోన్ చేశాను.

"పోరికి తట్టు పోసిందమ్మా. ఇక్కడ ఇంటికొకలకు గిట్లనే ఉంది."

అప్పుడు వెలిగింది నాకు. మా గడిని ఎర్రగా చేసింది ఆ షెడ్ల పిల్లల కార్డుల మీదున్న మా నంబర్లే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. అయినా, టీకా ఎందుకు వేయించలేదని ఆమెనే కసిరాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"అప్పట్ల సూదులేసే ఆమె కార్డు మీది నంబరు పట్టుకొని మీ గేటు కాడికే వచ్చిందంటమ్మా. ఆ ఫ్లాట్ల చిన్నపిల్లలు లేరని వాచ్‌మన్ వాపస్ పంపిండంట."

పిల్ల బతికింది. చెవుల్లో చీము పట్టి వినికిడి పోయింది. నేను మోడల్ సరిచేశాను. బండల గడికి రంగొచ్చింది. తప్పును భలే పట్టావని ఆఫీసులో చప్పట్లు కొట్టారు, నేను నవ్వుతూ నిలబడ్డాను.

తర్వాత ఓ ఆదివారం ఆమె పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది, చెవి మిషన్ కోసం అప్లికేషన్ నింపమని. పేరు రాశాను. వయసు రాశాను. అడ్రస్ దగ్గర చెయ్యి ఆగింది.

"మీదే రాయుండ్రి అమ్మా," అంది. "మాకేడుంది నంబరు?"

పిల్ల నా పెన్ను వైపే చూస్తోంది. మళ్లీ మా డోర్ నంబరే రాశాను.