బస్సులో దిద్దిన మాట

నాది అనంతపురం. బోరు మోటార్ల రిపేరు పని మీద నిరుడు శ్రావణంలో నర్సీపట్నం వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు యలమంచిలి బస్సులో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. ఒళ్లో చిన్న గుడ్డమూట ఉంది. కిటికీ బయట, వరి నాట్లు పడాల్సిన మళ్లు నెర్రెలు విచ్చి ఉన్నాయి.

"ఇక్కడ కూడా కరువేనా అమ్మా?" అన్నాను. మా వైపు అది కుశలం అడిగినట్టే.

ఆవిడ మొహం చిట్లించింది.

"ఆ మాటనకు బాబూ. ఇది వరపు."

"రెండూ ఒకటే కదా?"

"ఒకటెలాగవుద్ది? వాన రాకపోతే వరపు. మడిసికి మడిసి పెట్టకపోతే కరువు."

మూట విప్పి చూపించింది. చోళ్లు, అంటే మా రాగులే. వీళ్ల వరి నారు ఎండిపోయిందని విని, సంతలో పరిచయమైన కొయ్యూరు కొండ ఊరి ఆవిడ విత్తనానికి ఇచ్చిందట.

"సోళ్లకి రెండు జల్లులు సాలు, లేచిపోతాయి. బేగి సల్లేయాల," అంది. నా వైపు తిరిగి అడిగింది: "మీ ఊర్లో ఇత్తనాలు అడిగితే ఇత్తారా?"

మా పక్కచేను ఆయన గుర్తొచ్చాడు. ఒకసారి మా వేరుశెనగ మొలవకపోతే, అడగకముందే విత్తనాల గోనె మా అరుగు మీద దింపి, మంచినీళ్లైనా తాగకుండా వెళ్లిపోయాడు.

"ఇస్తారు," అన్నాను.

"మరింకేటి," అంటూ ఆవిడ మూట ముడేసింది. "మీదీ వరపే."