తాత మానుకున్న మాట

మా పక్కింటి వైద్యుడు తాత పోయారు. మొన్న తెల్లవారుతూనే ఆయన కోడలు మా గుమ్మంలోకి వచ్చి కూలబడిపోయింది. ఆవిడ చెప్పక్కర్లేకపోయింది. అప్పటినుంచి ఏ పనిలో ఉన్నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఆయన నాకు చుట్టం కాదు. కోటబొమ్మాళికి కోడలిగా వచ్చిన నాటినుంచీ తాతా అని పిలిచాను, అంతే. చలికాలంలో నాడి చూసేముందు అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చబరుచుకునేవారు. బుగ్గన ఎప్పుడూ కరక్కాయ ముక్క ఉండేది. దాంతో ఆయన చెప్పేదాంట్లో సగం మనమే ఊహించుకోవాలి. అర్థంకాక మళ్లీ అడిగితే, "నీకు సెవుడికి కూడా మందియ్యాలేటి?" అని విసుక్కునేవారు.

రెండేళ్ల కిందట, అరవై ఆరు వానాకాలంలో నాకు పాప పుట్టింది. కాన్పు తర్వాత నేను కోలుకోలేదు. తిన్నది ఒంటికి పట్టేది కాదు. జాకెట్లు వదులైపోయాయి, కాస్త దగ్గు కూడా ఉండేది. తాత నాడి చూసి, మా అత్తగారితో "క్షయం మొదలైనాది. లేహ్యం సేసి తెస్తాను" అని వెళ్లిపోయారు.

ఆయన చదివిన పాత గ్రంథాల్లో క్షయమంటే తరిగిపోవడం. రక్తం తరిగినా, మాంసం తరిగినా, బలం తరిగినా క్షయమే. మా కాలానికి ఆ మాటకు అంత చోటు మిగల్లేదు. ఊపిరితిత్తుల్లో చేరే ఒక్క క్రిమి తెచ్చే జబ్బుకే అది పేరైపోయింది. ఆస్పత్రి గోడమీదా అదే అర్థం, నేను బళ్లో చెప్పే పాఠంలోనూ అదే. 'క్షయ అంటువ్యాధి, రోగిని వేరుగా ఉంచవలెను' అని పిల్లలచేత వల్లెవేయించేదాన్ని.

మా అత్తగారు చెడ్డమనిషి కాదు. ఆవిడ సొంత అన్న ఆ జబ్బుతోనే ఎండిపోయి చనిపోయాడు. ఆ సాయంత్రమే నా కంచం, గ్లాసు వేరుచేశారు. మర్నాడు పాపను కళింగపట్నంలో మా ఆడపడుచు ఇంటికి పంపేశారు. "పిల్ల బతకాల గదే" అన్నారు ఏడుస్తూ. నేను కాదనలేదు. నాకూ క్షయేననుకున్నాను. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతుంటే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

లేహ్యం తయారయ్యేసరికి కొన్ని రోజులు పట్టింది. గిన్నె పట్టుకుని వచ్చిన తాత ఖాళీ ఊయల చూసి, "పాపేదే?" అన్నారు. అత్తగారు చెప్పారు. ఆయన గిన్నె కింద పెట్టి, బయటికి వెళ్లి కరక్కాయ ఉమ్మేసి వచ్చారు. ఆ రోజు ఆయన ప్రతి మాటా స్పష్టంగా వినబడింది.

"నానన్నది నీరసం సంగతి. పురుగు మాట నానెప్పుడన్నాను?"

అత్తగారు నమ్మలేదు. "కోడల్ని సూసి జాలిపడి మాట మారుస్తన్నావు మావా" అన్నారు. వీధిలో వాళ్లూ అదే అన్నారు. చెడ్డకబురైతే ఒక్కసారి చెబితే చాలు, మంచికబురుకు సాక్ష్యం కావాలి.

మర్నాడు తాత మమ్మల్నిద్దరినీ బస్సెక్కించి పట్నం ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆ గడప తొక్కడం ఆయనకదే మొదలు. మాతోపాటు వరసలో నిలబడి, మనవడి వయసున్న డాక్టరును బతిమాలారు. "ఫోటో తీసి నువ్వు సెప్పు బాబూ. ఇప్పుడు నా మాట సెల్లదు." ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. కఫంలోనూ ఏమీ లేదన్నారు. తిరుగు బస్సులో తాత, "ఆ మాట ఇల్లు మారిపోనాదమ్మా. నాను పాతింటికాడే తలుపు కొడతన్నాను" అన్నారు.

కళింగపట్నం ఆయనే వెళ్లి పాపను ఎత్తుకొచ్చారు. అప్పటికి నా పాలు ఇంకిపోయాయి. పాప రొమ్ము పట్టి, లాగి లాగి, ఏడ్చి వదిలేసింది. గుమ్మం బయట నిలబడ్డ తాత కండువాతో ముఖం కప్పుకున్నారు. నాకు ఆయనమీద కోపం రాలేదని చెప్పను. వచ్చింది, చాన్నాళ్లు ఉంది. పాపకని రోజూ మేకపాలు ఆయనే తెచ్చి పోసేవారు. అలా పోస్తుండగానే ఎప్పుడో నా కోపం పోయింది. ఆ తర్వాత ఆయన నోట ఆ మాట వినలేదు. ఎవరెంత చిక్కిపోయి వచ్చినా "నీరసం" అనేవారు, అదీ రెండుసార్లు, ఎదుటివాళ్లు సరిగ్గా విన్నారో లేదో చూసుకుంటూ.

కిందటి నెల ఆయనే మంచం పట్టారు. ముద్ద దిగేది కాదు. పాపను తీసుకుని చూడ్డానికి వెళ్లాను. గదిలో వీధివాళ్లు కొందరున్నారు.

"ఏటి తాతా, ఇలగైపోనావు?" అన్నాను.

"క్షయమమ్మా" అన్నారు. కాస్త ఊపిరి తీసుకుని, నావైపు చూసి నవ్వారు. "నా క్షయం. మీ క్షయ కాదు."

వెనకున్నవాళ్లకు మొదటి మాటే వినబడినట్టుంది. ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇంకొకరు లేచి గుమ్మం దాటారు. నేను పాపను ఎత్తి మంచంమీద ఆయన పక్కన కూర్చోబెట్టాను. తాత వద్దనబోయి ఊరుకున్నారు. చెయ్యి మెల్లగా పైకెత్తి, తెచ్చి పాప వీపుమీద ఆన్చారు. పాప దుప్పటి అంచు పోగులు లాగి ఆడుకుంటోంది. తనమీద ఒక చెయ్యి ఉన్నట్టే దానికి తెలియలేదు.