వీపు తిప్పి నడిచిన దారి

మొన్న పొద్దున చెరువు కట్ట మీద నడకకు వెళ్ళినప్పుడు నా కళ్ళ ముందే రెండు కుక్కలు కొట్టుకున్నాయి. ఖమ్మంలో ఇదేమీ వింత కాదు. ఈ మధ్య ప్రతి అపార్టుమెంటులోనూ ఎవరో ఒకరు బొచ్చు కుక్కను పెంచుతున్నారు, తెల్లవారగానే దాన్ని కట్ట మీదికి తెచ్చి, బెల్టు విప్పేసి, అది గంతులు వేస్తుంటే మురిసిపోతున్నారు. ఆ కట్ట తమదేనని పుట్టినప్పటి నుంచీ నమ్ముకున్న ఊరకుక్కలు ఊరుకుంటాయా మరి! ఆ రోజు ఒక బంగారు రంగు బొచ్చు కుక్కకూ, తూము దగ్గర పడుకునే నల్ల కుక్కకూ పడింది. బొచ్చు కుక్కను తెచ్చినాయన నలభై ఏళ్ళ మనిషి, ఉత్త బెల్టు చేత్తో ఊపుతూ దాని పేరు పెట్టి కేకలు వేస్తున్నాడు. ఒక పెద్దాయన చేతికర్ర ఎత్తాడు, ఇద్దరు ఆడవాళ్ళు సిమెంటు బెంచీ ఎక్కేశారు, తక్కినవాళ్ళు ఫోన్లు తీసి గుండ్రంగా నిలబడ్డారు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళి, అరవకు నాయనా, దాని వైపు వీపు తిప్పి వచ్చిన దారినే నడువు, అదే నీ వెంట వస్తుంది అన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"అది సచ్చేటట్టున్నది, ఇడిచిపెట్టి పొమ్మంటరేంది అమ్మా!"

ఆయన తప్పు మాట్లాడలేదు. నలభై ఏళ్ళుగా నన్ను నేను అడుగుతున్న మాటే అడిగాడు.

నేను నర్సమ్మగా మొదట ఉద్యోగంలో చేరింది ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఒక గూడెంలో. మా నాన్న కోస్తా నుంచి వలస వచ్చి మధిర వైపు పొలం కొనుక్కున్న రైతు. పెళ్ళి కావలసిన పిల్లను అడవిలోకి పంపడమేమిటని అమ్మ మూడు రోజులు అన్నం మానేసి, నాలుగో రోజు తనే ట్రంకుపెట్టెలో ఆవకాయ జాడీ సర్దింది. గూడెంలో నాకు చోటిచ్చింది ఒక అవ్వ. వాగు వైపు నుంచి వస్తే గూడేనికి ఆమెదే మొదటి ఇల్లు. అవ్వ ఇంట్లో వాళ్ళ భాష మాట్లాడేది, నాతో మాత్రం తెలుగులో మాట్లాడేది, నాకు అర్థం కాకూడదనుకున్నప్పుడు మళ్ళీ వాళ్ళ భాషలోకి వెళ్ళిపోయేది. నా మీద చాడీలు చెప్పడానికేనని అనుమానపడి నేను ఆ భాష కొంత నేర్చుకున్నాను కూడా. తీరా చూస్తే ఆమె అనేది, ఈ పిల్ల సరిగా తినడం లేదని.

ఆ ఇంటి వాకిట్లోనే ఉండేది చుక్కి. ఎర్రటి ఆడకుక్క, నుదుట తెల్ల మచ్చ. పిల్లగా ఉన్నప్పుడు వెనక కుడికాలు ఉచ్చులో పడి వంకరపోయింది. నేను టీకాల డబ్బా భుజాన వేసుకుని గూడేల బాట పడితే, పిలవకుండానే వెంట బయల్దేరేది. దానికి నేను చేసిందేమీ లేదు, రెండు ముద్దల అన్నం తప్ప. ఎండాకాలం మొదట్లో టేకాకులు రాలి బాటంతా పరుచుకున్నప్పుడు, వెనక్కి తిరిగి చూడకుండానే దాని నడక తెలిసిపోయేది. ఆకుల మీద మూడు చప్పుళ్ళు, ఒక ఖాళీ, మళ్ళీ మూడు చప్పుళ్ళు. ఆ ఖాళీ నాకు ఎంత అలవాటైందంటే, నిద్రలో కూడా వినిపించేది.

మా గూడేనికీ పై గూడేనికీ మధ్య ఒక వాగు, వాగు పక్కన పొలిమేర రాయి. ఇటు ఆడవాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు సంతకనీ ఇప్పపూవుకనీ పోతుంటే, వాళ్ళ కుక్కలూ వెంట ఉండేవి, ఆ రాయి దగ్గర రెండు గూడేల కుక్కలకూ పడేది. నేను చేరిన కొత్తలో చుక్కి అలా కొట్లాటలో దిగితే, చదువుకున్నదాన్ని కదా, ఊరుకుంటానా, గట్టిగా అరుస్తూ పోయి దాని మెడ పట్టుకుని లాగాను. అది ఎవరో ఏమిటో చూసుకోకుండా గిర్రున తిరిగి నా ముంజేయి కరిచింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కుక్క కరిస్తే అప్పట్లో ఏం చేసేవారో మా తరం వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. లోకానికంతా సూదులు పొడిచే నేను పద్నాలుగు రోజులు బస్సెక్కి కొత్తగూడెం దవాఖానాకు పోయి పొట్ట చూపించుకుని వచ్చాను. గూడెం పిల్లలకు దానంత పండగ మరొకటి లేదు.

అప్పుడు నేర్పింది అవ్వ. కుక్కలు కొట్లాడుకుంటే వాళ్ళెవరూ కర్ర ఎత్తరు, కేక వేయరు. ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు వీపులు తిప్పి, ఎంత పని తొందర ఉన్నా సరే, వచ్చిన దారినే నడిచి వెళ్ళిపోతారు. మొదటి ఇల్లు వచ్చేదాకా వెనక్కి చూడరు.

"నువ్వు చూస్తుంటే అవి నీ కోసమే కొట్లాడుతయ్ బిడ్డా. నువ్వు పోయినంక ఇగ ఎవల కోసం కొట్లాడాలె? ఎవల కుక్క వాళ్ళ ఎంట పోతది."

నేను నమ్మలేదు. కానీ రెండుసార్లు చేసి చూశాను. రెండుసార్లూ వంద అడుగులు వేసేసరికి గుర్రుగుర్రులు ఆగిపోయాయి, ఆకుల మీద మూడు చప్పుళ్ళూ ఒక ఖాళీ నా వెనక వచ్చేశాయి. ఇక నాకు ధీమా పెరిగింది. ఆ ధీమాయే కొంప ముంచింది.

అది ఇప్పపూవు చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం. పై గూడెంలో టీకాలు వేసి, ఒక్కదాన్నే తిరిగి వస్తున్నాను, వెంట చుక్కి. ఎండ నెత్తిన మండుతోంది, గాలి లేదు, పిట్ట కూత లేదు. వాగు దాటి రాయి దగ్గరికి వచ్చేసరికి వెనక ఏదో నిలబడినట్టనిపించి తిరిగాను. మేము దాటి వచ్చిన చోటే, బాట మధ్యలో, బూడిద రంగు కుక్క ఒకటి. పొడవాటి కాళ్ళు, ఎండిన డొక్క. ఇంటింటికీ తిరిగే నాకు రెండు గూడేల్లో ప్రతి కుక్కా తెలుసు. ఇది ఎవరిదీ కాదు. దాని వెనక మనుషులెవరూ లేరు. అది మొరగలేదు. దాన్ని చూసి చుక్కి కూడా మొరగలేదు, నాకు అందుకే భయం వేసింది. మరుక్షణం రెండూ కలియబడ్డాయి, నోట్లోంచి శబ్దం లేకుండా. ఆకులు చెల్లాచెదురవుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

నేనేం చేశానంటారు? నేర్చుకున్న పాఠమే చేశాను. డబ్బా భుజానికి బిగించి, వీపు తిప్పి, మా గూడెం వైపు నడిచాను.

వంద అడుగులు వేశాను. వెనక చప్పుడు ఆగింది. ఇంకో ఇరవై అడుగులకు ఆకుల మీద నడక వినిపించింది. హమ్మయ్య అనుకుని, వెనక్కి చూడకుండానే దాన్ని తిట్టడం మొదలుపెట్టాను. నీకు బుద్ధి లేదే, నువ్వేమైనా పహిల్వానువా, ఇంటికి పోయాక గాయాలు కడుగుతాను, అప్పుడు మూలగకు అంటూ ఏవేవో మాట్లాడుతూనే నడిచాను. ఎంత దూరం నడిచానో తెలియదు, పాత పుట్ట దగ్గరికి వచ్చినప్పుడు చెప్పు ఊడితే ఆగాను. వెనక నడక కూడా ఆగింది. చెప్పు వేసుకుని కదిలాను. అదీ కదిలింది. అప్పుడు, అప్పటికి గాని, నా చెవులకు అందింది. ఆ నడకలో ఖాళీ లేదు. నాలుగు చప్పుళ్ళు, ఒకదాని వెనక ఒకటి, తూచినట్టు.

తిరిగి చూడాలనిపించింది, చూడలేకపోయాను. నా వెనక ఉన్నది చుక్కి కాకపోతే, చుక్కి ఎక్కడున్నట్టు? అది రాయి దగ్గర పడి ఉంటే, నేను దాన్ని వదిలేసి, దాన్ని కరిచినదానితో ఇంతసేపూ ముద్దు మాటలు ఆడానన్న మాట. పరిగెత్తితే అదీ పరిగెత్తుతుందేమోనని పరిగెత్తలేదు. డబ్బా పట్టీ రెండు చేతులా పట్టుకుని అలాగే నడిచాను. ఆ మైలు దూరం నా జీవితంలో నేను నడిచిన అన్ని దారుల కంటే పెద్దది.

అవ్వ వాకిట్లో చాప మీద ఇప్పపూవు ఎండబోస్తోంది. తలెత్తి నన్ను చూసి నవ్వబోయి, చూపు నా వెనకకు పోగానే ఆగిపోయింది. చేతిలో పూవు చేతిలోనే ఉంది.

"ఎవల్ని ఎంట తోలుకొచ్చినవ్ బిడ్డా?"

నేను గిరుక్కున తిరిగాను. బాట ఖాళీగా ఉంది. ఏమీ లేదు, ఎవరూ లేరు. అవ్వ మాత్రం ఆ ఖాళీ బాటనే చూస్తూ, ఏమున్నదో చెప్పకుండా, మెల్లగా లేచి కొడుకును పిలిచింది.

ముగ్గురం రాయి దగ్గరికి పోయాం. చుక్కి బతికే ఉంది. మెడ దగ్గర చీరుకుపోయి, ఆకుల్లో పడుకుని, నేను వెళ్ళిన దారి వైపే తల పెట్టి చూస్తోంది. నన్ను చూసి తోక కదిలించింది. అది చూసి నేను ఏడ్చిన ఏడుపు మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదంటే అబద్ధం కాదు. అవ్వ కొడుకు దాన్ని భుజాన వేసుకుని తెచ్చాడు. గాయాలు సబ్బు నీళ్ళతో కడిగి కట్టు కట్టాను. ఊరూ పేరూ లేని కుక్క కరిచింది కాబట్టి, వెర్రి ఎత్తుతుందేమోనని పెరట్లో కట్టేసి, ముద్ద దూరం నుంచే తోస్తూ నెలల తరబడి కాపలా కాశాం. ఏమీ కాలేదు. గాయం మానింది, బలం వచ్చింది, తాడు విప్పాం.

కానీ చుక్కి మళ్ళీ నా వెంట రాలేదు. నేను పెట్టిన అన్నం తినేది, నా కాళ్ళ దగ్గర పడుకునేది, డబ్బా భుజాన వేసుకోగానే మాత్రం లేచి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది. ఎంత పిలిచినా కదిలేది కాదు. నా ముఖం కేసి కూడా చూసేది కాదు. నా మడమల వెనక, అది ఎప్పుడూ నడిచే ఆ నాలుగడుగుల చోటు కేసి చూసేది, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, అక్కడ ఖాళీ లేదన్నట్టు.

అన్ని నెలలు కట్టేశాం కదా, బెదిరిపోయిందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఒక రోజు ఉండబట్టలేక అవ్వను అడిగేశాను.

"రెండు దిక్కుల మనుషులుంటేనే గట్ల నడవాలె. దాని దిక్కు ఎవలున్నరు బిడ్డా? దానికి మనిషి లేడాయె. నువ్వు నడిచినవ్, నీ ఎంట వచ్చింది."

ఈ ముక్క ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను. మనిషి లేని కుక్క ఒకటి ఉంటదని తానైనా ఎట్లా అనుకుంటుందని అవ్వ నొచ్చుకుంది. అవును మరి, ఆ గూడేల్లో ప్రతి కుక్కకూ ఒక ఇల్లుండేది, ప్రతి ఇంటికీ ఒక కుక్కుండేది.

తర్వాత టేకులపల్లికి బదిలీ అయింది, ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, ఖమ్మం. చుక్కి అవ్వ వాకిట్లోనే ముసలిదై పోయిందని కబురు తెలిసింది. నేను తిరిగిన ఊళ్ళలో ఒక్క కుక్కా నా వెంట రాలేదు. దగ్గరికి వచ్చి, ఆగి, నా వెనక చూసి పక్కకు తప్పుకునేవి. ఒంటికి దవాఖానా స్పిరిటు వాసన పట్టేసిందని ఇంట్లో వాళ్ళతో నవ్వుతూ చెప్పేదాన్ని.

ఇక మొన్నటి సంగతి. ఆయనకు ఇదంతా చెప్పే తీరిక ఎక్కడిది? బొచ్చు కుక్కకు ఆయన ఉన్నాడు, నల్లదానికి ఎవరూ లేరు, అదొక్కటే నా బుర్రలో మెదిలింది. నల్లదాని మనిషిని నేను, నువ్వు అటు పో, నేను ఇటు పోతాను అన్నాను. ఏమనుకున్నాడో, ఏడుపు ముఖంతో వీపు తిప్పాడు. నేను తూము వైపు నడిచాను. ఫోన్ల వాళ్ళకు చూడడానికి ఏమీ మిగల్లేదు. కాసేపటికి వెనక గోల ఆగింది, సిమెంటు బాట మీద గోళ్ళ చప్పుడు నా వెంట వచ్చింది. ముసలితనంలో నాకూ ఒక కుక్క దొరికిందిరా అని సంతోషపడి, అలవాటు కొద్దీ మాటలు మొదలుపెట్టాను. తూము దాటాక ఆయాసం వచ్చి ఆగాను. అదీ ఆగింది. కదిలాను. నాలుగు చప్పుళ్ళు, తూచినట్టు.

ఈసారి మాత్రం తిరిగి చూశాను. బొచ్చు కుక్క ఆయన వెంట కట్ట దిగిపోతోంది. నల్ల కుక్క చాలా దూరంలో, కొట్లాట జరిగిన చోటే, చెవి నాక్కోలేక అవస్థ పడుతూ కూర్చుని ఉంది. అది నా వెంట రానే లేదు. తలెత్తి చూసింది, నన్ను కాదు. నా మడమల వెనక నాలుగడుగుల చోటును.

ఆ గూడేనికి ఇప్పుడు తారు రోడ్డు పడిందట. ఆటోలు తిరుగుతున్నాయట, వాగు మీద వంతెన కట్టారట, ఎండాకుల బాటలో నడిచేవాళ్ళే లేరట, కుక్కలు ఆటో వెనక కొంత దూరం పరిగెత్తి ఆగిపోతాయట. ఆ కాలంలో మనుషుల వెంట కుక్కలు నడిచేవి, ఎవరి వెనక ఏముందో ఆకులు చెప్పేవి. ఇవాళ మన వెనక ఏం నడుస్తోందో చెప్పేందుకు ఆకైనా లేదు. ఇంటికి వచ్చేదాకా నాకు భయం వేయలేదంటే నమ్ముతారా? సిగ్గు వేసింది. భయపడడానికీ, మరిచిపోవడానికీ నలభై ఏళ్ళు పెట్టుకున్నాను గానీ, మనిషి లేక నా వెంట వచ్చినదానికి ఒక్కనాడూ పిడికెడు మెతుకులు వేయలేదు కదా.

ఇంటికి రాగానే అన్నం వండమంటే, ఎవరికని అడుగుతూనే కోడలు పొయ్యి మీద పెట్టింది. వేడన్నంలో ఇంత పెరుగు కలిపి, విస్తరాకులో గేటు బయట పెట్టి, వీపు తిప్పకుండా నిలబడ్డాను.