డైవర్ల సిలిండర్లలో సాంబ్రాణి పొగ

బాలానగర్‌లోని మా వర్క్‌షాపులో ఈ రోజు ఆయుధ పూజ. అండమాన్ సముద్రంలో లోతుకు దిగే డైవర్ల కోసం ఉదయం నుంచి సిలిండర్లలో గాలి నింపుతున్నాం. రేపే వాటిని మద్రాసు ఓడరేవుకు రైలెక్కించాలి. మా ఫోర్‌మన్ నర్సయ్య కంప్రెసర్‌కు బొట్టు పెట్టి, నడుస్తున్న మిషనుకే సాంబ్రాణి పొగ వేశాడు. అదీ సరిగ్గా గాలి లోపలికి లాక్కునే గొట్టం దగ్గర!

"నర్సయ్యా, నీళ్ల కింద వాళ్లు పీల్చేది ఈ పొగేనయ్యా! ప్రాణాలు పోతాయి!" అని అరిచాను.

"ఫికర్ జెయ్యకుండ్రి సార్. గంత లోతుకు పోయెటోళ్లకు దేవుడు తోడుండొద్దా?"

నింపినవన్నీ మళ్లీ ఖాళీ చేయడం మొదలుపెట్టాను. వాల్వు తిప్పగానే షెడ్డంతా గుడి వాసన. తిడదామని వెనక్కి తిరిగితే, బుస్సుమంటున్న సిలిండర్‌కు నర్సయ్య కళ్లు మూసుకుని దండం పెడుతున్నాడు.

మీరే చెప్పండి, దండం పెడుతున్న మనిషిని ఎలా తిట్టను?