కిటికీ పక్క సీటు

డయాలసిస్ వార్డులో ఆ నర్సును అందరూ డ్రైవరమ్మ అంటారు. ఉత్తుత్తి ఓదార్పులంటే ఆమెకు ఒళ్లు మంట. యంత్రం మొదలుపెట్టే ముందు నోటితోనే హారన్ కొడుతుంది. మూడో మంచం మీది రిటైరైన కండక్టరు "రైట్, రైట్!" అనాల్సిందే.

ఆ రోజు కొత్తగా వచ్చిన టీచరు వెక్కి వెక్కి ఏడుస్తోంది. వారానికి మూడుసార్లు, బతికినన్నాళ్లూ రావాలట. నర్సు ఆమె చెయ్యి వదలకుండానే కేకేసింది: "బాబాయ్, కొత్త ప్యాసింజరు!"

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టరు.

"ఇంటికి," అంది టీచరు ఏడుస్తూనే.

"నాలుగు గంటలు పడుతుంది. రైట్, రైట్!"

నర్సు హారన్ మేక అరుపులా వచ్చింది. వార్డంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది, టీచరుతో సహా.

చివరికి యంత్రం కూత పెట్టగానే టీచరే అరిచింది: "స్టేజీ వచ్చింది, ఆపండి!"

చెప్పులు వేసుకుంటూ నర్సుతో అంది: "ఎల్లుండి నాకు కిటికీ పక్క సీటు ఉంచమ్మా."