తులసి మడి మీదుగా పారిన నీళ్లు

మొన్న పూజ ముగించుకుని వచ్చేసరికి, వ్యవసాయ కళాశాలలో పనిచేసే మా మేనకోడలు ఫోనుకు ఒక ఫొటో పంపింది. ఒక్క ముడి కూడా లేని తెల్లని టమాట వేరు. తన కుండీల్లో పురుగు ఓడిందని కింద రాసింది. వేరే ఎవరికైనా అందులో చూడదగ్గదేమీ ఉండదు గానీ, నా మనసు మాత్రం తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో చిట్యాల దగ్గర మా తమ్ముడి చేనులో గడిచిన ఒక మధ్యాహ్నానికి పోయింది.

ఆ ఏడు తమ్ముడి టమాట తోట, నీళ్లు సరిపడా ఉన్నా, ఎండపొద్దుకు వాడిపోయేది. పీకి చూస్తే వేళ్ల నిండా పసుపుకొమ్ముల్లాంటి ముడులు. కంటికి కనబడని నులిపురుగులు అందులో కాపురం పెట్టాయని, అప్పుడు ఆ పురుగు మీదే చదువుకుంటున్న మేనకోడలు చెప్పింది. పురుగు సోకగానే మొక్క ఊరుకోదట, వేరులో నిప్పులాంటి విషాన్ని పుట్టించి దాన్ని కాల్చబోతుందట. కానీ పురుగులో ఉన్న ఒక జన్యువు తయారుచేయించే ఎంజైమ్ ఆ నిప్పును చల్లార్చేస్తుందట. ఆ జన్యువును పనిచేయకుండా ఆపగలిగితే పురుగు చస్తుందని ఆమె అంటుంటే, ఏళ్ల తరబడి సప్తాహాల్లో పురాణం చెప్పిన నాకు వరం పొందిన రాక్షసుడి కథలాగే వినబడింది. ఆ మాటే అన్నాను.

"మామా, గా వరం తీసే మంత్రం నాకింక దొరకలే. నీ దగ్గరుంటె జెర చెప్పు" అని నవ్వింది.

తమ్ముడు నవ్వలేదు. పక్కన ఏళ్లుగా సాగు లేక పడావు పడ్డ చెలకను దున్ని, ఆ సాయంత్రమే కొత్త నారు నాటాలని కూలీలను పిలుచుకున్నాడు. అదీ పోతే ఎడ్లను అమ్ముకుని పట్నంలో కాపలా పనికి పోవడమే మిగిలింది. అంతలో మేనకోడలి చూపు బోరు కాలువ మొదట్లోని తులసి మడి మీద పడింది. బోరు నీళ్లు ముందు తులసమ్మను తడిపి ఆ తర్వాతే చేనుకు పోవాలని, పారినంతసేపు గట్టున నిలబడి నామాలు చదవాలని మా నాయిన పెట్టిన ఆనవాయితీ అది. ఆ పురుగు తులసి వేళ్లలోనూ బతుకుతుందని, నీళ్లతో పాటు చేనుకు పారుతుందని, ఒక మొక్క పీకి చూడాలని ఆమె అన్నది.

మా మరదలు భగ్గుమన్నది. "శుక్రవారం ఆకే తెంపం, నువ్వు ఏకంగ పీకుతనంటవా? సదువుకున్నవని తులసమ్మకే రోగమంటగడ్తవా పిల్లా?"

తమ్ముడు నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వే జెప్పు. నీ మాట దాట. కూలోల్లు వస్తున్నరు."

తులసిని పీకడం పాపమని ఊరికి చెప్పినవాణ్ని నేనే. కానీ ఆ తల్లి ఇల్లు నిలపడానికి ఉన్నదే గానీ కూల్చడానికి కాదు కదా. చెప్పులు విడిచి, మోకరిల్లి, క్షమించమని వేడుకుని, ఒక మొక్కను నా చేతులతోనే పీకాను. మట్టి దులిపితే అవే ముడులు. మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మిగతా మొక్కలనూ నేనే పీకాను. తర్వాత వాటిని ఎండబెట్టి, నామం చెబుతూ అగ్నికి అప్పగించాం. తమ్ముడు ఆ మడికి దూరంగా కొత్త కాలువ తవ్వి, పీకిన రోజు సాయంత్రమే నారు నాటించాడు.

కాపు మొదలయ్యే రోజుల్లో ఎండపొద్దున పోయి చూస్తే, చెలకలో ఒక్క ఆకు వాలలేదు. తమ్ముడు ఒక కాయ తెంపి నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడా చేనంతా డ్రిప్పు పైపులు. తులసమ్మ ఇంటి ముందు సిమెంటు కోటలో పచ్చగానే ఉన్నది, మరదలు చెంబుతో నీళ్లు పోస్తుంది. పంటకూ ఇంటికీ అదే మంచిది, కాదనను. చేనుకు పోయినప్పుడల్లా నామాలు ఇప్పటికీ చదువుతాను. నీళ్లు మాత్రం మూసిన పైపుల్లో చప్పుడు లేకుండా పోతుంటాయి, నామం ఎక్కడ ఆపాలో నాకు తెలియదు.